రాళ్ళ గుట్టు అడిగిన పండితుడు - అబూ రైహాన్ అల్‌బీరూనీ (రహ్మలై)

హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫిల్ ఉస్మానియా పేరు మదరసాల్లో చదువుకున్న వారందరికీ తెలిసినదే. 1888లో ప్రారంభమైన ఆ సంస్థ, శతాబ్దాల తరబడి వ్రాతప్రతులుగా మాత్రమే మిగిలిన అరబీ గ్రంథాలను వెదకి, సరిచూసి, అచ్చు వేయించింది. హదీసు, ఉల్లేఖకుల చరిత్ర, చరిత్ర, వైద్యం, ఖగోళం - ఏ విద్యలోనైనా దాయిరా ముద్ర ఉన్న పుస్తకం ఒకటి మన ఉస్తాదుల అలమారాల్లో కనబడుతుంది. అలా హిజ్రీ 1355లో, అంటే 1936లో, ఒక విచిత్రమైన పుస్తకం అక్కడ అచ్చయింది. దాని పేరు కితాబుల్ జమాహిర్ ఫీ మారిఫతిల్ జవాహిర్. రత్నాలను గుర్తుపట్టే విద్య గురించిన గ్రంథం. రాసినవారు అల్‌బీరూనీ, ప్రతులు సరిచూసి అచ్చుకు సిద్ధం చేసినవారు జర్మనీలో పుట్టిన అరబీ పండితుడు క్రెంకో.

మదరసాలో ఉన్న రోజుల్లో మేము ఆ పుస్తకాన్ని అలమారాలో చూశామేగాని తెరవలేదు. రత్నాలతో మనకేం పని అనుకున్నాం. చాలా ఏళ్ళ తర్వాత దాన్ని తెరిపించింది ఒక ఉంగరం.

మా ఖాలా ఒకరు కూతురి పెళ్ళికని కెంపు పొదిగిన ఉంగరం కొన్నారు. అసలు కెంపేనని అమ్మినాయన గట్టిగా చెప్పాడట. ఉంగరం వదులుగా ఉందని కంసాలికి ఇస్తే, అతను బంగారాన్ని కాల్చి, కత్తిరించి, అతికి, మెరుగు రావడానికి ఆమ్లంలో వేశాడు. తీసి చూస్తే రాయి నిండా సాలెగూడులాంటి తెల్లని గీతలు! అసలు రాయి కాజేసి నకిలీది పెట్టాడని ఖాలా, అల్లాహ్ సాక్షిగా తానేమీ ఎరుగనని కంసాలి. నలుగురిలో మాట పెరిగింది. అతను ముప్ఫయ్యేళ్ళుగా ఆ బజారులో పని చేస్తున్న మనిషి. ఒక్క పూటలో దొంగ అన్న పేరు మీద పడింది. ఆ తగవు మా దగ్గరకు వచ్చింది. రాళ్ళ విషయంలో మాకు తెలిసింది సున్నా. అప్పుడే రాయిని పరీక్షశాలకు పంపించి, జవాబు వచ్చేలోగా బీరూనీ పుస్తకం దుమ్ము దులిపాం.

అబూ రైహాన్ ముహమ్మద్ బిన్ అహ్మద్ అల్‌బీరూనీ హిజ్రీ 362 జుల్‌హిజ్జ మాసంలో, అనగా క్రీ.శ. 973 సెప్టెంబరులో, ఖ్వారిజ్మ్ రాజధాని కాథ్ పట్టణ శివారులో జన్మించారు. నేడు ఆ ప్రాంతం ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. అక్కడి పట్టణానికి ఇప్పుడు ఆయన పేరే పెట్టారు. బీరూన్ అంటే ఫార్సీలో వెలుపల అని అర్థం, ఉర్దూ తెలిసిన వారికి ఈ మాట కొత్త కాదు. నగరానికి వెలుపల పుట్టినవారు గనుక బీరూనీ అన్న పేరు వచ్చిందంటారు. ఆ దేశపు రాజవంశానికి చెందిన గణిత పండితుడు అబూ నస్ర్ మన్సూర్ ఆయనను చేరదీసి చదివించారు.

995లో ఖ్వారిజ్మ్‌లో అధికారం కోసం యుద్ధం జరిగి, ఆయనను ఆదరించిన రాజు హతుడయ్యాడు. ఇరవై రెండేళ్ళ బీరూనీ ఊరు విడిచి పారిపోవలసి వచ్చింది. రయ్ నగరంలో పేదరికం అనుభవించారు. అక్కడ ఒక జ్యోతిష్కుడు విద్యలో తనకంటే తక్కువవాడై ఉండి కూడా, చేతిలో డబ్బు లేదన్న ఒకే కారణంతో ఆయన మాటను తేలిగ్గా తీసిపారేసేవాడు. బీరూనీ కాస్త కుదురుకున్నాక అదే మనిషి స్నేహం చేయడానికి వచ్చాడు! ఈ సంగతిని బీరూనీ తరువాత తన గ్రంథంలో నమోదు చేశారు. వస్తువు అదే, విలువ కట్టే కన్ను మారింది. రత్నాల పుస్తకం రాయబోయే మనిషికి ఇది ముందుగా అందిన పాఠమని మాకు అనిపిస్తుంది.

997లో చంద్రగ్రహణం వచ్చినప్పుడు ఆయన కాథ్‌లో, మరో విద్వాంసుడు అబుల్ వఫా బగ్దాద్‌లో ఒకే గ్రహణాన్ని గమనించి, రెండు ఊళ్ళ కాలభేదాన్ని బట్టి వాటి మధ్య రేఖాంశ భేదాన్ని లెక్క కట్టారు. జుర్జాన్ పాలకుడు ఖాబూస్ కొలువులో ఉన్నప్పుడు, సుమారు 1000 సంవత్సరంలో, వివిధ జాతుల పంచాంగాలూ పండుగల గురించిన ఆసారుల్ బాఖియా రచించారు. తర్వాత స్వదేశానికి తిరిగి వెళ్ళారు. 1017లో సుల్తాన్ మహమూద్ గజ్నవీ ఖ్వారిజ్మ్‌ను జయించి, అక్కడి పండితులతోపాటు బీరూనీని కూడా గజనీకి తీసుకుపోయాడు. అతిథిగానా, బందీగానా అన్న చర్చ చరిత్రకారుల్లో ఉంది. ఓడిపోయిన రాజ్యపు పండితుడికి ఇష్టాయిష్టాలు ఎక్కడివని మా అభిప్రాయం. ఏమైనా ఆయన ఆ స్థితిలో కూడా పని ఆపలేదు. సంస్కృతం నేర్చుకుని, భారతదేశ ప్రజల విశ్వాసాలూ శాస్త్రాలూ గురించి 1030 ప్రాంతంలో కితాబుల్ హింద్ రాశారు. నందన కోట దగ్గరి కొండ ఎక్కి దిగంతం ఎంత కిందికి కనబడుతుందో కొలిచి భూమి వ్యాసార్ధాన్ని లెక్కించారు. ఇవన్నీ పాఠకులు ఎన్నోసార్లు చదివినవే గనుక ఇక్కడితో వదిలి, అంతగా ఎవరూ చెప్పని రాళ్ళ సంగతికి వద్దాం.

బీరూనీ కంటే ముందు ఈ విద్యలో పుస్తకాలు లేకపోలేదు. అల్‌కిందీ అరబీలో, దీనవర్‌కు చెందిన నస్ర్ బిన్ యాఖూబ్ ఫార్సీలో రాసి ఉన్నారు. బీరూనీ వారిద్దరినీ చదివారు, వారి పేర్లు చెప్పారు, తన కాలపు రత్నవర్తకులను కూడా అడిగి తెలుసుకున్నారు. కానీ అక్కడితో తృప్తి పడలేదు. విన్నదాన్ని తన చేతులతో పరీక్షించారు.

పచ్చ రాయి కథ అందుకు మంచి తార్కాణం. పచ్చను చూస్తే పాము కళ్ళు కరిగి కారిపోతాయని ఆ రోజుల్లో గొప్ప గొప్పవారు కూడా రాసేవారు. ఒకరు రాశారని మరొకరు, ఆయన రాశారని ఇంకొకరు. బీరూనీ ఒక పామును తెప్పించి, దాని మెడకు పచ్చల హారం వేయించారు, దాని బుట్టలో పచ్చలు పరిపించారు, దాని ముందు పచ్చల పేరు ఆడించారు. తొమ్మిది నెలలు, ఎండాకాలంలోనూ చలికాలంలోనూ! పాము కళ్ళకు ఏమీ కాలేదు. దాని చూపు ఇంకా పదునెక్కకపోతే అదే పదివేలు అన్న ధోరణిలో ఆయన ఆ ప్రసంగం ముగించారు. అఖీఖ్ పెట్టుకుంటే రోగం పోతుందని, ఫిరోజా రంగు మారితే కీడు తెలుస్తుందని నేటికీ వేళ్ళ నిండా ఉంగరాలు తొడిగే మన సోదరులు ఈ పాము సంగతి ఒకసారి చదివితే బాగుండును.

ఇక అసలు చిక్కు, ఒక రాయి తాను చెప్పుకునే రాయేనా అన్నది. అరబీలో యాఖూత్ అంటే మనం అనుకునే ఎర్ర కెంపు ఒక్కటే కాదు. ఎరుపు, నీలం, పసుపు, తెలుపు అన్నీ యాఖూత్‌లే. నేటి శాస్త్రం కూడా ఇదే చెబుతుంది. కెంపూ నీలమూ ఒకే పదార్థం, అల్యూమినియం ఆక్సైడ్. అందులో లేశమంత క్రోమియం చేరితే ఎరుపు, ఇనుమూ టైటానియం చేరితే నీలం. అయితే బదఖ్షాన్ కొండల నుండి వచ్చే లాల్ అనే ఎర్రరాయి చూపుకు అచ్చం యాఖూత్‌లా ఉంటుంది. రాజుల కిరీటాల్లోని పెద్ద పెద్ద కెంపులని పేరుపడినవి కొన్ని నిజానికి లాల్‌లేనని ఈ మధ్య శతాబ్దాల్లో తేలింది. కన్ను మోసపోయేది ఇక్కడే.

బీరూనీ కన్నును పక్కన పెట్టి తక్కెడను తెచ్చారు. శంకువు ఆకారంలో ఒక పాత్ర, దాని మెడ దగ్గర వంగిన సన్నని గొట్టం, గొట్టం కింద తక్కెడ పళ్ళెం. పాత్రలో అంచుకు నీరు నింపి, తూచిన రాయిని అందులో వేస్తే, రాయి ఎంత చోటు ఆక్రమిస్తుందో అంత నీరు గొట్టం గుండా పళ్ళెంలోకి దిగుతుంది. ఆ నీటిని తూచితే రాయి పరిమాణం తెలిసినట్లే. చెప్పడానికి తేలిక. చేయబోతే సన్నని గొట్టంలో నీటి బొట్టు అంటుకుని జారదు. ఒక్క బొట్టు తేడా వస్తే చిన్న రత్నం లెక్క మొత్తం తప్పుతుంది. ఆయన పాత్ర మార్చి, గొట్టం తీరు మార్చి, అది కుదిరేదాకా మళ్ళీ మళ్ళీ చేశారు. లోహాలకు బంగారాన్ని, రత్నాలకు నీలి యాఖూత్‌ను ప్రమాణంగా పెట్టుకుని మిగతావాటిని వాటితో పోల్చారు. దీనికోసం వేరుగా ఒక గ్రంథమే రాశారు. తర్వాతి తరంలో అల్‌ఖాజినీ 1121లో రాసిన మీజానుల్ హిక్మాలో ఈ ఫలితాలను పొందుపరచాడు.

నేటి లెక్క ప్రకారం యాఖూత్ అంతే పరిమాణపు నీటికంటే సుమారు నాలుగు రెట్లు బరువు, లాల్ 3.6 రెట్లు, స్ఫటికం 2.65 రెట్లు. బీరూనీ కొలతలు వీటికి ఆశ్చర్యపడేంత దగ్గరగా ఉన్నాయి. దీనికి తోడు గట్టిదనం చూశారు. వజ్రం యాఖూత్‌ను గీస్తుంది, యాఖూత్ తనకంటే కింది రాళ్ళన్నిటినీ గీస్తుంది. నిప్పు కూడా ఒక పరీక్షే, ఎర్ర యాఖూత్ రంగు నిప్పుకు పోదు, పోలికకు తెచ్చిన రాళ్ళ రంగు చాలావరకు పోతుంది.

ఈ నిప్పు దగ్గరే ఆయన మరో సంగతి దాచకుండా రాశారు. నల్లని మచ్చలో, నీలి ఛాయో ఉన్న కెంపును మట్టితో కప్పి, మంట ఊది కాల్చితే ఆ మాలిన్యం తొలగి ఎరుపు తేటపడుతుంది. శ్రీలంక వైపు పనివారికి ఇది అలవాటైన విద్య. అంటే దాదాపు వెయ్యేళ్ళ నాడే బజారులోని కెంపుల్లో కొన్ని నేలలో పుట్టిన రంగువి, కొన్ని కొలిమిలో దిద్దుకున్న రంగువి. బీరూనీ తక్కెడ ఒక రాయి యాఖూతా, లాలా అన్నది చెప్పగలదు. ఆ యాఖూత్ కొలిమి చూసిందా, లేదా అన్నది చెప్పలేదు. కాల్చిన కెంపూ కాల్చని కెంపూ ఒకే బరువు, ఒకే గట్టిదనం. రాయి ఏమిటన్నది ఒక ప్రశ్న, రాయికి ఏం జరిగిందన్నది మరో ప్రశ్న. మా ఖాలా ఉంగరం చిక్కు ఈ రెండో ప్రశ్నలోనే ఉంది.

రెండో ప్రశ్నకు జవాబు వెలుగు దగ్గర దొరికింది. బీరూనీ గజనీ కొలువులో ఉన్న కాలంలోనే అటు కైరోలో ఇబ్నుల్ హైసమ్ వెలుగు గురించి కితాబుల్ మనాజిర్ రాస్తున్నారు. వెలుగు ఒక వస్తువు నుండి మరొక వస్తువులోకి పోయేటప్పుడు ఎలా వంగుతుందో ఆయన చర్చించారు. నేటి రత్న పరీక్షశాలలో జరిగేది ఆ వంపును చదవడమే.

పరీక్షకుడు రాయిని మైక్రోస్కోపు కింద పెట్టి, వెనుక నల్లని తెర ఉంచి, పక్కల నుండి వెలుగు పంపిస్తాడు. అప్పుడు రాయి లోపలి ప్రతి నలుసూ చీకట్లో చుక్కలా వెలిగి కెమెరాకు దొరుకుతుంది. సహజమైన కెంపుల్లో తరచు పట్టుదారాల్లాంటి సన్నని సూదులు ఒకదానినొకటి కోసుకుంటూ ఉంటాయి. నేటి కొలిముల్లో సుమారు 1600 డిగ్రీల వేడి తగిలితే అవి కరిగి, తెగిన చుక్కల వరుసలుగా మారతాయి. రాయిలో చిక్కుకున్న చిన్న స్ఫటికాలు వేడికి ఉబ్బి, వాటి చుట్టూ గుండ్రని పళ్ళేల్లాంటి పగుళ్ళు ఏర్పడతాయి. బీరూనీ రాసిన పాతకాలపు ఊదుడు మంట ఇంత వేడి ఇవ్వదు గనుక సూదులు చాలావరకు చెక్కుచెదరవు. అందుకే అలాంటి తక్కువ వేడిని పసిగట్టడం ఈనాటికీ కష్టమైన పనే.

రంగును పైపైన ఎక్కించిన నీలాల విషయంలో ఇంకో ఉపాయం ఉంది. నూనెలో ముంచిన కొన్ని రకాల గాజుకడ్డీల అంచులు కనబడకుండా పోవడం పాఠకులు చూసే ఉంటారు. వెలుగు రెండింటిలోనూ ఒకేలా వంగితే హద్దు మాయమవుతుంది. అలాగే నీలాన్ని దానికి దగ్గరి వంపు గల ద్రవంలో ముంచి చూస్తే చెక్కిన పలకల మెరుపంతా పోయి రంగు ఒక్కటే మిగులుతుంది. ఆ రంగు లోపలి నుండి వచ్చినదా, అంచుల వెంట గీత గీసినట్లు పేరుకున్నదా అప్పుడు తెలిసిపోతుంది. కంటికి కనబడని అల్ట్రావయొలెట్ వెలుగు పడితే బాగా కాల్చిన నీలాలు కొన్ని సుద్దలాంటి లేత కాంతితో మెరుస్తాయి. పచ్చల పగుళ్ళలో నింపిన కొన్ని నూనెలూ జిగురులూ బయటపడతాయి. వజ్రాలకు ఇదే పద్ధతిలో, రాయి పెరిగిన తీరును ఫోటో తీసే యంత్రం 1996 నుండి వాడుకలో ఉంది. భూమిలో పెరిగిన వజ్రానికీ యంత్రంలో పెంచిన వజ్రానికీ ఆ పెరుగుదల గుర్తులు వేరు.

మా ఖాలా రాయి గురించి వచ్చిన పత్రంలో అలాంటి ఒక ఫోటో ఉంది. ఎర్రని రాయి లోపల, పగుళ్ళ వెంట, నెమలి కంఠం రంగులో నీలి మెరుపు. దాని పక్కన చదునుగా నొక్కుకుపోయిన గాలి బుడగలు. కెంపు కెంపేనట! అయితే పగుళ్ళతో నిండిన నాసిరకం కెంపు; ఆ పగుళ్ళలో సీసం కలిసిన గాజు కరిగించి పోసి తేటగా కనబడేలా చేశారు. కెంపులో వెలుగు వంగే తీరుకు గాజును దగ్గరగా తెచ్చారు గనుక మామూలు చూపుకు పగులు మాయమైంది. పూర్తిగా ఒకటి కాలేదు గనుక ఆ నీలి మెరుపు మిగిలిపోయింది. 2004 ప్రాంతం నుండి ఇలాంటివి బజారుల్లో విస్తారంగా వస్తున్నాయి. ఈ గాజు నిప్పుకు ఆగదు, ఆమ్లానికి ఆగదు, నిమ్మరసానికి కూడా ఆగదు. కంసాలి చేసింది ప్రతి ఉంగరానికీ చేసే పనే. రాయిని మార్చలేదు, తెలియక దాని ముసుగు తీశాడు, అంతే.

మేము ఆ పత్రం తీసుకుని అతని దుకాణానికి వెళ్ళాం. ఖాలా కూడా వచ్చారు. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కి తీసుకున్నారు.

తర్వాత ఇంకో ప్రశ్న వచ్చింది. దూరపు బంధువు ఒకాయన, రాయికి మళ్ళీ గాజు పోయించి తెలియని వారికి అమ్మేస్తే పోయిన డబ్బు వస్తుంది కదా అన్నాడు. మదరసాలో చదివిన ప్రతివాడికీ ఈ జవాబు తెలుసు. ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని బయటపెట్టిన దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. వస్తువు లోపాన్ని కప్పిపుచ్చడాన్ని మన ఫిఖ్ పండితులు తద్‌లీస్ అన్నారు. తెలియక కొన్నవారికి తిరిగి ఇచ్చేసే హక్కు ఉందన్నారు. ఇక్కడ ఒక సున్నితమైన భేదం చూడాలి. కెంపును కాల్చడం, పచ్చకు నూనె పట్టించడం దానంతట అది మోసం కాదు, చెప్పకపోవడం మోసం. ఖాలా ఆ రాయిని అమ్మలేదు. మొదట అమ్మినాయన పత్రం చూసి, చాలా వాదించి, సగం డబ్బు వెనక్కి ఇచ్చాడు.

మన హదీసు విమర్శకులు తమ విద్యకు వాడిన నఖ్ద్ అన్న మాట నాణేలను పరీక్షించే సర్రాఫుల బజారు నుండి వచ్చినదే. ఉల్లేఖకుడు ఎవరన్నది ఒకటి, అతని జ్ఞాపకానికి ఏ వయసులో ఏం జరిగిందన్నది మరొకటి. ఆ రెండూ వారు విడివిడిగా అడిగేవారు. బీరూనీ పుస్తకం చదువుతుంటే మాకు ఆ ఉస్తాదుల పాఠాలే గుర్తుకు వచ్చాయి.

జమాహిర్ ఆయన వృద్ధాప్యంలో, సుల్తాన్ మౌదూద్ కాలంలో రాసిన గ్రంథం. రత్నాల పుస్తకమే అయినా మొదట కొన్ని చిన్న ప్రకరణాల్లో, మనిషి బంగారం వెండిని ఎందుకు విలువైనవిగా భావించాడు, దాచిపెట్టి వాడుకలోకి రానివ్వకపోతే వాటి ప్రయోజనం ఏమవుతుంది అన్న చర్చ ఉంటుంది. రాసిన మనిషికి డబ్బు మీద ఎంత మోజుందో ఒక కథ చెబుతుంది. మౌదూద్ తండ్రి సుల్తాన్ మస్ఊద్ పేర ఖగోళ శాస్త్రంలో ఖానూనుల్ మస్ఊదీ రాసి ఇచ్చినప్పుడు, సుల్తాన్ ఒక ఏనుగు మోయగలిగినంత వెండి పంపించాడట. బీరూనీ తనకు అవసరం లేదని దాన్ని తిరిగి ఖజానాకే పంపారు. ఏడాదిలో రెండే రెండు పండుగ దినాలు తప్ప ఆయన చేయి కలాన్ని, కన్ను పరిశీలనను, మనసు ఆలోచనను వదిలేవి కావని చరిత్రకారులు రాశారు.

హిజ్రీ 440 ప్రాంతంలో, అంటే సుమారు 1048లో, గజనీలో ఆయనకు అంతిమ ఘడియలు సమీపించాయి. ఆ సంగతి మనకు అందించిన చరిత్రకారుడి పేరు యాఖూత్ హమవీ. యాఖూత్ అంటే కెంపే కదా. బానిసలకు రత్నాల పేర్లు పెట్టే ఆ కాలపు ఆచారం వల్ల, బానిసగా పెరిగి విముక్తి పొందిన ఆయనకు ఆ పేరు వచ్చింది. యాఖూత్ రాసిన ప్రకారం, అబుల్ హసన్ వల్వాలిజీ అనే ఫిఖ్ పండితుడు బీరూనీని పరామర్శించడానికి వెళ్ళారు. ఊపిరి గొంతులో కొట్టాడుతోంది. ఆ స్థితిలో బీరూనీ, తల్లి వైపు అవ్వల వారసత్వానికి సంబంధించిన ఒక మస్అలా గురించి అడిగారు. గతంలో ఎప్పుడో దాన్ని ఆయనకు వివరించింది ఈ పండితుడే. వచ్చినాయనకు జాలి కలిగింది. ఈ స్థితిలోనా అన్నారు. ఈ విషయం తెలియకుండా లోకం విడిచిపోవడం కంటే తెలుసుకుని పోవడం మేలు కాదా అన్నట్లుగా బీరూనీ బదులిచ్చారు. పండితుడు మస్అలాను మళ్ళీ వివరించారు. బీరూనీ దాన్ని తిరిగి చెప్పి, సరిగ్గా గుర్తు పెట్టుకున్నట్లు నిర్ధారించుకున్నారు. వల్వాలిజీ సెలవు తీసుకుని బయటకు వచ్చి ఇంకా దారిలో ఉండగానే, ఆ ఇంటి నుండి ఏడుపులు వినిపించాయి.